మధ్య బొమ్మలు

ఎలుగుబంటి నిలబడ్డ బొమ్మ క్లైడ్ వాండర్‌వీన్ గీస్తాడు.
ఎలుగుబంటి పడిపోయిన బొమ్మా ఆయనే గీస్తాడు.
ఆ రెంటికీ నడుమ పదకొండు కాగితాలు ఖాళీ.
అవి నావి.
వారానికి పద్దెనిమిది డాలర్లు.

క్వీన్స్‌లో పియానోల గిడ్డంగి మీద మూడో అంతస్తు,
ముప్పై ఎనిమిది, ఫిబ్రవరి.
కింద ఎవరో పొద్దస్తమానం
ఒకే మెట్టుకి శ్రుతి పెడుతుంటారు, అది కుదరదు.

ఏడు నిమిషాల బొమ్మ. కథేముంది?
హోటల్లో సర్వరు ఎలుగు, కాళ్లకి చక్రాలు,
చేతిలో పళ్లెం, పళ్లెంలో పద్నాలుగు కస్టర్డు గిన్నెలు.
మిగతాది మీరే చెప్పగలరు.

నా కాగితాలు చేతిలో రెపరెపలాడించి చూసి
"ఇది పడటం కాదు" అన్నాడు క్లైడ్,
"పడుకోవటం."

మర్నాడు ఫ్లాట్‌బుష్ స్కేటింగు రింకు నుంచి
ఇర్మా ప్రోహాస్కాని తీసుకొచ్చాడు.
పడ్డవాళ్లని లేపటం అక్కడ ఆమె ఉద్యోగం.
ఇక్కడ పడటానికి మూడు డాలర్లు, రాను పోను బస్సు చార్జీ.
బల్లలు గోడకి జరిపి, పెన్సిళ్లు చెక్కుకుని
పెళ్లిపందిట్లో బంతికి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాం.

పదిహేడుసార్లు పడింది.
వెనక్కి, పక్కకి, రెండు కాళ్లూ రెండు ఊళ్లకి బయల్దేరినట్టు.
నాలుగోసారికి మా నవ్వులు ఆగిపోయాయి.
తొమ్మిదోసారికి మళ్లీ మొదలయ్యాయి, ఎందుకో.
"నేలని వెతక్కండి" అని చెప్పింది మోచెయ్యి రుద్దుకుంటూ,
"అదే వస్తుంది."

నేను చూసింది వేరు.
పడే ముందు ప్రతిసారీ ఆమె ఎడమచెయ్యి పైకి లేచేది.
తూకం కోసం కాదు. తూకం కోసమైతే పక్కకి చాపాలి.
ఇది నిటారుగా, వేళ్లు సగం ముడిచి,
ఎత్తు అలమరలోంచి ఏదో అందుకోబోయినట్టు.
పదిహేడుసార్లూ అంతే.
అడిగాను.
"ఏ చెయ్యి?" అంది.

పదకొండులో ఆరో కాగితం మీద ఆ చెయ్యి పెట్టాను.
తెల్ల తొడుగు, ఒక వేలు తక్కువ.
తెర మీద అది ఉండేది సెకండులో పన్నెండో వంతు.
క్లైడ్ కాగితాలు తిప్పాడు, ఆగాడు, మళ్లీ తిప్పాడు.
నీలం పెన్సిలుతో మూల మీద టిక్కు పెట్టి
కాఫీకి వెళ్లిపోయాడు.

డిసెంబరులో జమైకా అవెన్యూ థియేటర్లో
అసలు సినిమాకి ముందు వేశారు.
ఇర్మాకి పాసు పంపాను. రెండు వరసల వెనక కూర్చున్నాను.
ఎలుగు జారింది. గిన్నెలు ఒక్కొక్కటే గాల్లోకి లేచాయి.
మేయరు భార్య టోపీలో మొదటిది, ట్రాంబోను నోట్లో రెండోది.
హాలంతా గొల్లుమంది. నా పక్కాయన
వేరుశనగ పొట్లం ఒళ్లో ఒంపేసుకున్నాడు.
ఆమె కూడా నవ్వుతోంది, భుజాలు ఊగుతున్నాయి.
ఆరో కాగితం వచ్చి, పోయింది.
భుజాలు ఆగాయి.
గిన్నెలింకా పదకొండున్నాయి, ఆమె మళ్లీ నవ్వలేదు.

బయట పేవ్‌మెంటు మీద మంచు గడ్డకట్టి ఉంది.
బస్సు కోసం నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, నాతో కూడా కాదు, వీధితో చెప్పినట్టు,
"అక్కడొక తాడుండేది" అంది.
"రింకులో, నేర్చుకునే పిల్లల కోసం, పైకప్పు నుంచి.
నాకు ఎనిమిదేళ్లప్పుడు తీసేశారు."
బస్సు వచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు.
చెయ్యి జారిన సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ స్టూడియో లేదు. క్లైడ్ లేడు. ప్రింటు ఏమైందో తెలియదు.
ఆరో కాగితం మాత్రం నా దగ్గరుంది,
అంచున మూడు చిల్లులు, కాఫీ మరక.
అందులో ఎలుగు నిలబడీ లేదు, పడనూ లేదు.
ఒక రాత్రి ఆ వేళ్లకి అందేలా
పెన్సిలుతో సన్నగా తాడు గీశాను.
చూశాను కాసేపు.
చెరిపేశాను.
తాడుంటే ఎవరు నవ్వుతారు?